చింతపండుకీ తెల్ల వైన్‌కీ చుట్టరికం

మన దగ్గర మందు దుకాణాన్ని 'వైన్‌షాపు' అంటారు. లోపలికి తొంగి చూస్తే విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు... అన్నీ ఉంటాయి. అసలు వైన్ మాత్రం ఏ మూలో రెండు సీసాలుంటే గొప్ప! అందుకేనేమో, వైన్ అనగానే చాలా ఇళ్ళల్లో 'అదీ మందేగా' అనేసి ఊరుకుంటారు. మందే, అందులో అబద్ధం లేదు. కాకపోతే అది పుట్టిన దేశాల్లో దాన్ని చూసే తీరు వేరు. అక్కడది భోజనాల బల్ల మీద ఉప్పు పక్కన, నిమ్మచెక్క పక్కన ఉండే వస్తువు. ఏ పప్పుకు ఏ ఊరగాయ అన్నది మనకెంత మామూలు లెక్కో, ఏ వంటకు ఏ వైన్ అన్నది వాళ్ళకంత మామూలు లెక్క.

ఆ లెక్క మనకెందుకంటారా? రెండు కారణాలున్నాయి. అనంతపురం, హిందూపురం, కదిరి, ధర్మవరం... ఎటు చూసినా బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్ళే. వాళ్ళు పండక్కి వస్తూ ఓ తెల్ల వైన్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టారనుకోండి. అదేమిటో, ఎంత ఘాటో, దాంతో ఏం తింటారో పెద్దవాళ్ళకు తెలియదు. తెలియని చోట కోపమైనా వస్తుంది, మొహమాటమైనా వస్తుంది. రెండో కారణం ఇంకా దగ్గరిది. ఆ లెక్కకు మూలం మన వంటింట్లో చింతపండు జాడీలోనే ఉంది!

పెన్న పుట్టిన చోటే...

మన పెన్నమ్మ కర్ణాటకలోని నంది కొండల్లో పుడుతుంది. అక్కణ్ణుంచి హిందూపురం వైపు దిగి, సీమ దాటి, నెల్లూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసేసరికి 597 కిలోమీటర్లు నడుస్తుంది. (2022 ఏప్రిల్ నుంచి హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా నేల అదే, ఎండా అదే.) ఆ నంది కొండల పాదాల దగ్గర, దొడ్డబళ్ళాపురం పక్కన, పేరున్న వైన్ తోటలున్నాయి. కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారవేత్త 1980ల్లో ఫ్రాన్స్ ద్రాక్ష రకాలు తెప్పించి అక్కడ నాటించారు. షాంపేన్ ప్రాంతానికి చెందిన జార్జ్ వెసెల్ అనే ఫ్రెంచి నిపుణుడు ఆయనకు తోడు నిలిచారు. ఎర్ర వైన్‌తో పాటు సావిన్యోన్ బ్లాన్, వియొన్యే అనే తెల్ల వైన్లు కూడా ఆ తోటల నుంచి వస్తున్నాయి. పేర్లకు నాలుక తిరక్కపోతే దిగులు పడకండి. అవి ద్రాక్ష రకాల పేర్లు, అంతే. మనం బంగినపల్లి, నీలం అన్నట్టు!

మరి అనంతపురంలోనూ ద్రాక్ష పండుతుంది కదా, ఆ తోటలు కొండ దగ్గరికే ఎందుకెళ్ళాయి? ఇక్కడ పండేది తినే ద్రాక్ష. అది ఎంత తియ్యగా ఉంటే అంత ధర. తెల్ల వైన్‌కు తీపి ఒక్కటే చాలదు, పులుపు కూడా నిలవాలి. ఎండ ముదిరేకొద్దీ కాయలో తీపి పెరుగుతుంది, పులుపు తరుగుతుంది. రాత్రిళ్ళు చల్లబడే చోట ఆ తరుగుదల నెమ్మదిస్తుంది. నంది కొండల పాదాలు సముద్రమట్టానికి దాదాపు 3 వేల అడుగుల ఎత్తులో ఉంటాయి. అనంతపురం పట్నం 1,100 అడుగులకు కాస్త అటూ ఇటూ. పగలు ఎండ, రాత్రి చలి... పులుపు నిలిచేది ఆ తేడాలోనే.

ఇద్దరిదీ ఒకటే పులుపు

నిమ్మకాయలో పులుపు సిట్రిక్ ఆమ్లం. పెరుగులో పులుపు లాక్టిక్ ఆమ్లం. యాపిల్‌లో మాలిక్ ఆమ్లం. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. పళ్ళల్లో ఇదంత ఎక్కువగా దొరికేది కాదు. కానీ ఇంకో పండులో దండిగా ఉంటుంది. అదే చింతపండు! చింతపండు గుజ్జులో ఈ ఆమ్లం 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది.

వైన్ పీపాల అడుగున గట్టిగా పేరుకునే తెల్లటి పొర నుంచి ఈ ఆమ్లాన్ని 1769లో వేరు చేసినవాడు స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే. 1848లో పాతికేళ్ళ లూయీ పాశ్చర్ దీని లవణం స్ఫటికాలను భూతద్దం కింద పెట్టుకుని ఒక్కొక్కటే ఏరాడు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాగా అవి రెండు రకాలున్నాయని తేల్చాడు. తర్వాత పాలను కాచే పద్ధతికి తన పేరు తెచ్చుకున్న పాశ్చర్ ఈయనే. రసాయన శాస్త్రంలో ఓ పెద్ద శాఖకు దారి చూపింది, మనం చారులో పిసికే ఈ పులుపే.

ఇప్పుడో చిన్న లెక్క చూద్దాం. నిమ్మకాయంత చింతపండు సుమారు 30 గ్రాములు. అందులో టార్టారిక్ ఆమ్లం రెండున్నర నుంచి ఐదున్నర గ్రాముల దాకా ఉంటుంది. తెల్ల వైన్ లీటరులో అన్ని ఆమ్లాలూ కలిపి సాధారణంగా 5 నుంచి 9 గ్రాములు. అంటే లీటరు చారు కాస్తే అందులోని పులుపు, లీటరు వైన్‌లోని పులుపు దరిదాపుల్లో ఉన్నట్టే. చింతపండు రెండింతలు వేసి పులుసు కాస్తే వైన్‌కు సమానమో, దాన్ని మించో పోతుంది.

ఇదే అసలు కిటుకు. యూరప్ వంటల్లో వెన్న, మీగడ, జున్ను, మాంసం, చేప... అన్నీ మెత్తటి, కొవ్వు రుచులు. పళ్ళెంలో పులుపు తక్కువ. అందుకే దాన్ని గ్లాసులో పెట్టుకున్నారు. మనం ఆ పులుపును కూరలోనే వేసేసుకున్నాం. మన సీమ నేలకు అది సరిపోయింది కూడా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటిది. అది కూడా వేళకు పడదు. వానొచ్చినా రాకపోయినా లోతుగా వేళ్ళు తన్నిన చింతచెట్టు నిలబడుతుంది. చెనక్కాయ పంట చేతికి రాని ఏడు కూడా గట్టు మీద చింతచెట్టు ఎంతోకొంత రాలుస్తుంది. ఫిబ్రవరి వచ్చిందంటే హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి, ఫ్లవర్ రకాలంటూ చింతపండు కుప్పలు లేస్తాయి. ఊళ్ళల్లో ఆడవాళ్ళు వసారాల్లో కూచుని కాయ కొట్టి, గింజ తీసి, నాలుగు డబ్బులు కళ్ళ చూసేది ఆ వేసవిలోనే. మన దేశంలో వైన్ ద్రాక్ష కోతలు కూడా జనవరి నుంచి మార్చి లోపే. రెండు పులుపులూ ఒకే కాలంలో ఇల్లు చేరతాయన్నమాట!

రంగు ఎక్కడిది?

ద్రాక్ష రసం దాదాపు ఎప్పుడూ తెలుపే. నల్ల ద్రాక్ష పిండినా రసం తెల్లగానే వస్తుంది. రంగంతా తోలులో ఉంటుంది. తోలుతో సహా పులియబెడితే ఎర్ర వైన్. తోలు తీసేసి రసం ఒక్కటే పులియబెడితే తెల్ల వైన్. ఇడ్లీ పిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల్లాంటివే ఇక్కడా పని చేస్తాయి. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. వాసన ఎగిరిపోకుండా తెల్ల వైన్‌ను 12 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో నిదానంగా పులియబెడతారు. చివరికి ఆల్కహాలు 12, 13 శాతం దగ్గర తేలుతుంది. బీరు కన్నా రెండింతలు ఎక్కువ, విస్కీలో మూడో వంతు. 'ద్రాక్షరసమే కదా' అనుకుని గ్లాసు నింపుకుంటే పొరపాటే.

ఇక వాసన. సావిన్యోన్ బ్లాన్‌ను వర్ణించమంటే విదేశీ పుస్తకాలు మనకు పరిచయం లేని పళ్ళ పేర్లన్నీ చెబుతాయి. మన ముక్కుకు తెలిసిన మాటల్లో చెప్పుకుందాం. అప్పుడే కోసిన పచ్చిగడ్డి, నిమ్మతొక్క, చీలిన పచ్చి క్యాప్సికమ్, దోరజామ. ఇవి ఉత్త పోలికలు కావు. పచ్చి క్యాప్సికమ్‌కు ఆ వాసననిచ్చే పదార్థమే ఈ ద్రాక్షలోనూ ఉంది. జామపండు వాసనకు కారణమైన గంధకపు పదార్థాల్లో కొన్ని ఈ వైన్‌లోనూ పుడతాయి. వియొన్యేలో పులుపు తక్కువ, పూల వాసన ఎక్కువ. నాసిక్ తోటల్లో బాగా పండే షెనిన్ బ్లాన్ అనే మరో రకంలో యాపిల్, తేనె గుర్తుకొస్తాయి. దాన్ని చాలాసార్లు కాస్త తీపి మిగిల్చి తయారు చేస్తారు.

చీనీరసంతో ఓ పరీక్ష

తిండికీ పానీయానికీ జోడీ ఎలా కుదురుతుందో తెలుసుకోవడానికి వైన్ అక్కర్లేదు. మన అనంతపురం చీనీకాయలు నాలుగు చాలు. పిల్లల్ని కూడా కూచోబెట్టుకోండి. చక్కెర వేయకుండా రసం తీసి తలా ఓ గ్లాసు పోయండి.

ముందు ఉత్తరసం ఓ గుక్క తాగండి. తర్వాత ఓళిగ ముక్క తిని మళ్ళీ తాగండి. అదే రసం పుల్లగా, పలచగా తోస్తుంది. నోరు కడుక్కుని ఈసారి కొంచెం చింతపండు చప్పరించి తాగండి. అదే రసం తియ్యగా, చప్పగా మారిపోతుంది. మూడోసారి ఉప్పు చల్లిన వేయించిన చెనక్కాయలు నాలుగు నమిలి తాగండి. పులుపు మెత్తబడి, రసం గుండ్రంగా అనిపిస్తుంది. పచ్చి మామిడికాయకు ఉప్పు అద్దుకోవడంలో ఉన్న సూత్రమూ ఇదే.

జోడీ శాస్త్రంలో సగం ఈ మూడు గుక్కల్లో ఉంది. తిండి తీపైతే పానీయం అంతకన్నా తియ్యగా ఉండాలి. తిండి పులుపైతే పానీయం అంతకన్నా పుల్లగా ఉండాలి. ఉప్పూ, నూనే పులుపుకు స్నేహితులు. 

మన పళ్ళెంలో ఏది కుదురుతుంది?

ఈ లెక్కతో సీమ వంటలను ఓసారి చూద్దాం. తీపి లేని సావిన్యోన్ బ్లాన్ మన ముందుందనుకోండి.

ఉగ్గాని, బజ్జీ: మొదటి మార్కు దీనికే. బొరుగుల్లో నూనె తగుమాత్రం, పైన పిండిన నిమ్మకాయ, కొత్తిమీర, పచ్చి మిరపకాయ వాసన... ఇవన్నీ ఆ వైన్ వాసనలకు చుట్టాలే. బజ్జీ నూనె నాలుకకు పూత పూస్తే, పులుపు నోట్లో నీరూరించి ఆ పూతను కడిగేస్తుంది. ఒక్కటే షరతు, బజ్జీ మిరపకాయ మరీ ఘాటుది కాకూడదు.

చెనక్కాయలు, అలసంద వడలు: చెనక్కాయలో ఇంచుమించు సగం బరువు నూనే. ఉప్పు వేసి వేయించినవైతే ఇక చెప్పేదేముంది! అలసంద వడ కూడా అంతే. ఫ్రాన్స్ వాళ్ళు ఈ వైన్‌తో మేకపాల జున్ను తింటారు. కొవ్వు, ఉప్పు... సూత్రం ఒకటే.

పులగం: పెసరపప్పు, బియ్యం, నెయ్యి. కారం, పులుపు రెండూ లేని కమ్మటి వంట. నెయ్యి దండిగా వేసుకుంటే బాగా కుదురుతుంది. పక్కన చెనక్కాయల చట్నీలో చింతపండు తగ్గించుకోవాలి.

సంగటి, నాటుకోడి పులుసు: ఇక్కడ వైన్‌కు పని లేదు. రాగిముద్ద చప్పదనానికి జోడీగా పులుసు ముందే ఉంది. పులుపు, కారం, కొవ్వు, మసాలా అన్నీ అందులో సమంగా కుదిరాక పక్కన గ్లాసు నీళ్ళలా తేలిపోతుంది. గోంగూర, చింతచిగురు పప్పు, ఉలవచారు కూడా ఈ కోవలోవే. సీసా ఎంత ఖరీదైనదైనా చింతపండు ముందు నిలబడదు. వైన్ బాగాలేదని పిల్లల్ని తప్పుపట్టకండి, వంట బాగాలేదని అమ్మనూ అనకండి. ఒకే ఇంటివాళ్ళను ఎదురెదురుగా కూచోబెట్టామంతే.

ఓళిగలు: పనికిరాదు. పైన చీనీరసానికి పట్టిన గతే దీనికీ పడుతుంది. తీపి వంటల కోసం తీపి వైన్లు వేరే ఉన్నాయి.

కారం దగ్గర జాగ్రత్త

ఎర్రకారం పూసిన వంట తిని మంటకు విరుగుడుగా వైన్ తాగితే మంట రెట్టింపవుతుంది. కారణముంది. మిరపకాయ మన నాలుక మీద వేడిని కనిపెట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. అందుకే కారం 'మండుతుంది'. ఆల్కహాలు తట్టేదీ ఆ గ్రాహకాన్నే. రెండూ కలిస్తే మామూలు ఒంటి వేడే మంటలా తోస్తుంది. కారపు వంటతో తీసుకునేవాళ్ళు ఆల్కహాలు తక్కువున్న, కొంచెం తీపి మిగిలిన రకాన్ని ఎంచుకుంటారు. అంతకన్నా మంచి మందు మన మజ్జిగే. పాలలోని మాంసకృత్తులు కారాన్ని పట్టుకుని నాలుక మీంచి తప్పిస్తాయి. సంగటి, కారం, మజ్జిగ... ఈ వరస పెట్టినవాళ్ళు ఏ శాస్త్రమూ చదవలేదు కానీ, లెక్క మాత్రం తప్పలేదు.

సీసా ఇంటికొస్తే...

తెల్ల వైన్‌ను 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఇస్తారు. ఫ్రిజ్‌లో పెట్టి, తాగే ముందు ఓ పది నిమిషాలు బయట ఉంచితే సరిపోతుంది. మరీ గడ్డకట్టే చల్లదనంలో వాసన బయటికి రాదు. ఏప్రిల్, మే నెలల్లో కారులో వదిలేసిన సీసాను నమ్మకండి. మన ఎండకు లోపలున్నది ఉడికిపోతుంది.

చల్లబడ్డ సీసా అడుగున ఒక్కోసారి పటికబెల్లం పలుకుల్లా మెరిసేవి కనబడతాయి. గాజు ముక్కలని భయపడి పారబోస్తుంటారు. అది పైన చెప్పుకున్న టార్టారిక్ ఆమ్లపు లవణమే. హాని లేదు. వంచేటప్పుడు అడుగున వదిలేస్తే చాలు.

వద్దన్న ఇంట్లో వద్దు

ఇంత చెప్పాక ఇదీ చెప్పుకోవాలి. ఆంధ్రదేశంలో ఏ ఇంటి పెద్దావిడనైనా అడగండి, సారా ఎన్ని సంసారాలు ముంచిందో చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు కొంగు బిగించిన పోరు ఊరూరా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారి తీసింది. 1997లో నిషేధం సడలించినా ఆ గాయం గుర్తు చాలా ఇళ్ళల్లో ఇంకా పచ్చిగానే ఉంది. కాబట్టి పిల్లలు తెచ్చిన సీసా చూసి అమ్మో, అవ్వో మొహం తిప్పుకుంటే అది చాదస్తం కాదు. ఆమె చూసిన బతుకు అది. ఆ ఇంట్లో సీసా తెరవకపోవడమే మర్యాద. తాగుడు మానుకుని నిలదొక్కుకుంటున్న మనిషి ఉన్న ఇంట్లోనైతే ఆ సీసా గడప దాటకూడదు.

'రోజూ ఓ గ్లాసు వైన్ గుండెకు మంచిది' అన్న మాట మీద కూడా ఆశలు పెట్టుకోవద్దు. ఆల్కహాలును క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. తెల్లదైనా, ఎర్రదైనా ఈ మాటలో తేడా లేదు. గర్భిణులు, మందులు వాడేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు దాని జోలికే పోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మడం చట్టవిరుద్ధం.

తాగని ఇంటికి ఈ లెక్కంతా దండగేనా? కాదు. వేపుళ్ళు, వడలు వండిన రోజు పక్కన ఉప్పేసిన నిమ్మరసమో, చక్కెర లేని చీనీరసమో పెట్టండి. పులగానికి జతగా కాసింత పుల్లమజ్జిగ పొయ్యండి. పులుసు చేసిన రోజు ఏ పుల్లటి పానీయమూ వద్దు, చల్లటి కుండనీళ్ళు చాలు. ఓళిగల రోజు పాలు. పళ్ళెంలో పులుపుంటే గ్లాసులో వద్దు, పళ్ళెంలో లేకపోతే గ్లాసులో ఉండాలి. రెండు పులుపులు ఎదురుపడకుండా చూసుకుంటే విందు దానంతటదే కుదురుతుంది.

ఈ వేసవిలో చింతపండు కొని గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తేటప్పుడు ఈ చుట్టరికం సంగతి పిల్లలకు చెప్పండి. వాళ్ళు రసాయన శాస్త్రం పుస్తకంలో టార్టారిక్ ఆమ్లం పేరు చదివే ఉంటారు. అది తమ వంటింటి జాడీలో ఉందని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.